డెబ్బదియైదు సెంట్ల తేడా

కోకిల తన గుడ్డును కాకి గూటిలో పెట్టిపోవునని పల్లెటూరి పిల్లవానికి కూడ తెలియును. కాకి దానిని తన గుడ్డే యనుకొని పొదుగును. పిల్ల బయటికి వచ్చిన తరువాత కూడ మేత తెచ్చి పెట్టును. పరులచే పోషింపబడునది కనుకనే కోకిలకు సంస్కృతములో ‘పరభృతము’ అను పేరు వచ్చినది. 1986వ సంవత్సరములో అమెరికాలోని ఒక పరిశోధనశాల కంప్యూటరులో ఇటువంటి పరాయి గుడ్డు ఒకటి బయటపడినది. జమాఖర్చులో వచ్చిన 75 సెంట్ల తేడా దానిని పట్టి ఇచ్చినది.

కంప్యూటరుకు జమాఖర్చు ఎందుకు అని విద్యార్థికి సందేహము కలుగవచ్చును. నేడు ప్రతివాని చేతిలోను ఒక యంత్రమున్నది. తొలిరోజులలో ఒక్క యంత్రము ఒక పెద్ద గదిని ఆక్రమించెడిది. అంత ఖరీదైన దానిని ఒకరి పనికే కట్టిపెట్టుట వృథా యని, దాని కాలమును సూక్ష్మమైన ముక్కలుగా కోసి పలువురికి పంచిపెట్టెడు పద్ధతిని 1961లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు చేసి చూపించినారు. పలువురు ఒకే యంత్రమును వాడునప్పుడు ఎవరు ఎంత వాడినదీ వ్రాసి ఉంచవలెను. ఒకరి కాగితములు మరొకరు చూడకుండ కట్టడి చేయవలెను. చిట్టా పుస్తకము, పాస్‌వర్డు అనబడు సంకేతపదము, ఈ రెండును ఈ విధముగా కంప్యూటరులోనికి వచ్చినవి.

వాటితోపాటే దొంగతనమును వచ్చినది. ఆ సంస్థలో అలన్ షెర్ అను పరిశోధక విద్యార్థికి వారమునకు నాలుగు గంటల కాలమే కేటాయింపబడినది. అది అతని పనికి చాలలేదు. 1962లో అతడు ఒక ఉపాయము పన్నినాడు. ఏ దస్త్రమునైనను కాగితముపై అచ్చు వేయుమని రంధ్రములు పొడిచిన కార్డు ద్వారా కోరు సదుపాయము అక్కడ ఉండెడిది. సంకేతపదములన్నియు ఉన్న దస్త్రమునే అచ్చు వేయుమని అతడు కోరినాడు. యంత్రము చెప్పినట్లు చేసినది. ఇతరుల పేర్లతో అతడు కావలసినంత కాలము వాడుకొన్నాడు. పాతికేళ్ల తరువాత తానే చెప్పువరకు ఈ సంగతి బయటికి రాలేదు.

డబ్బు లెక్కకై పుట్టిన చిట్టా, దొంగను పట్టుటకును పనికివచ్చునని 1980లో జేమ్స్ ఆండర్సన్ ఒక నివేదికలో వివరించినాడు. అతడు దొంగలను తరగతులుగా విభజించినాడు. మరొకని పేరు పెట్టుకొని లోపలికి వచ్చువాడు ఒక తరగతి. వాడు ఆ పేరుగలవాని అలవాట్లకు భిన్నముగా నడచును గనుక చిట్టాను శ్రద్ధగా చదివినచో దొరకును. చిట్టా వ్రాయు అధికారమునే చేజిక్కించుకొన్నవాడు వేరొక తరగతి. వాడు తన జాడను తానే తుడిచివేయగలడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడని తెలుగువారు అను మాట ఇటువంటివానికి సరిగా వర్తించును. బర్క్‌లీ పరిశోధనశాలలో తటస్థించినది ఈ రెండవ తరగతి దొంగయే.

రెండు చిట్టాలు

కాలిఫోర్నియా రాష్ట్రములో, బర్క్‌లీ పట్టణమునకు ఎగువన కొండమీద లారెన్స్ బర్క్‌లీ పరిశోధనశాల ఉన్నది. క్లిఫర్డ్ స్టోల్ అక్కడ ఖగోళ శాస్త్రజ్ఞుడు. దూరదర్శినుల రూపకల్పనలో పని చేసినవాడు. ఆ పనికి వచ్చిన ధనసహాయము అయిపోగా, ఆయనను ఉద్యోగమునుండి తొలగింపక, 1986 ఆగస్టులో కంప్యూటరు విభాగమునకు మార్చినారు. చేరిన రెండవ రోజుననే ఒక చిన్న పని అప్పగించినారు. లెక్కలో 75 సెంట్ల తేడా ఎందుకు వచ్చినదో చూడుమన్నారు. అప్పటి రేటు ప్రకారము అది ఇంచుమించు తొమ్మిది సెకన్ల యంత్రకాలము.

ఇక్కడ గమనింపవలసిన విశేషమొకటి కలదు. ఆ కంప్యూటర్లపై లెక్క వ్రాయునవి రెండు ప్రోగ్రాములు. ఒకటి యూనిక్స్ వ్యవస్థతోనే వచ్చినది. రెండవది పరిశోధనశాలవారు బిల్లులు వసూలు చేయుటకై సొంతముగా వ్రాయించుకొన్నది. ఒక్క పుస్తకమే ఉన్నచో తేడా అను మాటకే తావు లేదు. గ్రామములో కరణముగారి లెక్కకు రైతు ఇంటి లెక్కకు పొంతన కుదరనప్పుడే గదా తగాదా బయటపడుట! వెదకగా ‘హంటర్’ అను పేరుతో ఒక కొత్త వినియోగదారు కనబడినాడు. అతనికి బిల్లు పంపుటకు చిరునామా లేదు. ఒక ప్రోగ్రాము అతని కాలమును లెక్కించినది. రెండవది డబ్బు ఎవరినుండి రావలెనో తెలియక వదలివేసినది. గుమాస్తా పొరపాటనుకొని స్టోల్ ఆ పేరును కొట్టివేసినాడు.

కొద్ది రోజులకే మరొక కంప్యూటరు కేంద్రమునుండి ఫిర్యాదు వచ్చినది. మీ పరిశోధనశాలనుండి ఎవరో మా యంత్రములోనికి చొరబడుటకు ప్రయత్నించినారని దాని సారాంశము. ఆ సమయమునకు చిట్టాలో ఉన్న పేరు ఒక ప్రోగ్రామరుది. ఆ మనిషి ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి వెళ్లి చాలకాలమైనది. పేరు ఒకరిది, పని మరొకరిది అని అప్పుడు రూఢియైనది.

గుడ్డు పెట్టిన విధము

యూనిక్స్ వ్యవస్థలో సాధారణ వినియోగదారు తన దస్త్రములను మాత్రమే మార్చగలడు. సూపర్ యూజరు అనబడు సర్వాధికారికి మాత్రము అడ్డు లేదు. దొంగ ఆ అధికారమును సంపాదించిన తీరు, ప్రోగ్రాములు నేర్చుకొను ప్రతి విద్యార్థియు తెలిసికొనదగినది.

ఆ పరిశోధనశాలలో ఈమాక్స్ అను ప్రసిద్ధమైన రచనా ప్రోగ్రాము ఉండెడిది. అందులో ఉత్తరములను ఒక చోటనుండి మరొక చోటికి మార్చు చిన్న భాగమొకటి ఉన్నది. అక్కడి ఏర్పాటులో దానికి సర్వాధికారము కట్టబెట్టినారు. అది తాను తీసికొనిపోవుచున్నది ఉత్తరమేనా అనిగాని, చేర్చవలసిన చోటు తగినదేనా అనిగాని విచారింపదు. ఇక యంత్రము తనంతట తాను ప్రతి ఐదు నిమిషములకు ఒకసారి నడుపు పరిచారక ప్రోగ్రాము ఒకటి కలదు. దొంగ తన ప్రోగ్రామును ఉత్తరమువలె ఆ మోతగాని చేతికిచ్చి, పరిచారక ప్రోగ్రామున్న స్థానములో పెట్టించినాడు. ఐదు నిమిషములలో యంత్రము దానిని తనదే యనుకొని, సర్వాధికారముతో నడిపినది. గుడ్డు పిల్లయైనది. ఆపైన దొంగ అసలు ప్రోగ్రామును యథాస్థానములో పెట్టి, చిట్టాలోని తన జాడను చెరిపివేసినాడు. స్టోల్ 1989లో ప్రచురించిన పుస్తకమునకు ‘కోకిల గుడ్డు’ అని పేరు పెట్టుటకు కారణమిదియే.

యజమానికి గల అధికారమే దొంగకును ఉన్నప్పుడు అతనిని కనిపెట్టుట ఎట్లు? కంప్యూటరులోపల కాపలా ప్రోగ్రాము పెట్టినచో దొంగ దానిని చూచును. ఆ సమయములో ఏయే ప్రోగ్రాములు నడుచుచున్నవో జాబితా తీయుట అతనికి లోపలికి రాగానే అలవాటు. వ్యవస్థాపకులెవరైన పనిలో ఉన్నట్లు తోచినచో వెంటనే తప్పుకొనెడివాడు. స్టోల్ ఆలోచించి కాపలాను యంత్రమునకు వెలుపల పెట్టినాడు. బయటినుండి వచ్చు తీగలు సుమారు 50 ఉన్నవి. ఒక వారాంతములో సహోద్యోగులు లేని సమయము చూచి, వారి బల్లలమీది టెర్మినళ్లు, ముద్రణ యంత్రములు ఎరువు తెచ్చి ఒక్కొక్క తీగకు తగిలించినాడు. తాను అక్కడనే నేలమీద పడుకొన్నాడు. తీగమీద పోవు ప్రతి అక్షరము కాగితముమీద పడును. కాగితముపై పడిన సిరాను ఎంతటి సర్వాధికారియు దూరమునుండి చెరుపలేడు. పైగా వినుటయే గాని మాట్లాడుట లేదు గనుక దొంగకు అనుమానమును కలుగదు. వైద్యుడు నాడి చూచునప్పుడు నాడి వేగము మారరాదు గదా! భౌతిక శాస్త్రములో పరికరము పరిశీలింపబడు వస్తువును కదిలింపరాదను నియమము ఇదియే. స్టోల్ శాస్త్రజ్ఞుడగుట ఇచ్చట అక్కరకు వచ్చినది.

అక్కడనే పనిచేయుచుండిన నోబెల్ బహుమానగ్రహీత లూయీ ఆల్వరెజ్ కూడ, దీనిని నేరపరిశోధనగా గాక శాస్త్ర పరిశోధనగా చూడుమని ఆయనకు సలహా ఇచ్చినాడు. స్టోల్ ప్రయోగశాలలో వలెనే రోజువారీ పుస్తకము ప్రారంభించి గంట, నిమిషములతో సహా అన్నియు వ్రాసినాడు. పై అధికారి ఇచ్చిన గడువు మూడు వారములు. పని ఇంచుమించు సంవత్సరము పట్టినది.

చిన్న చిన్న ఆధారములు

దొంగ ప్రోగ్రాముల జాబితా అడుగునప్పుడు ఒక అనవసరమైన అక్షరము చేర్చెడివాడు. బర్క్‌లీలో రూపొందిన యూనిక్స్‌కు ఆ అక్షరము అక్కరలేదు; ఏ.టి. అండ్ టి. సంస్థవారి యూనిక్స్‌కు కావలెను. దీనినిబట్టి అతడు అమెరికా పశ్చిమ తీరమువాడు కాడని ఒక సహోద్యోగి గ్రహించినాడు. యాసనుబట్టి మనిషి ఏ సీమవాడో చెప్పినట్లున్నది ఇది.

అతడు వచ్చెడు వేళలను గుర్తించి చూడగా, సగటున కాలిఫోర్నియా మధ్యాహ్నమైనది. ఇటువంటి పని చేయువారు సాధారణముగా రాత్రివేళ చేయుదురు. కాలిఫోర్నియాలో మధ్యాహ్నమైనప్పుడు జర్మనీలో రాత్రి తొమ్మిది గంటలు. అతడు ఎన్నుకొన్న సంకేతపదములలో ‘యేగర్’ అనునది ఒకటి. జర్మను భాషలో దానికి వేటగాడని అర్థము. మొదట దొరికిన ‘హంటర్’ అను పేరునకు ఆంగ్లములో అర్థమును అదియే.

దూరమును లెక్కకట్టిన తీరు మరింత సొగసైనది. దొంగ దస్త్రములు దింపుకొనునప్పుడు కెర్మిట్ అను పద్ధతి వాడెడివాడు. అందులో ఒక ముక్క అందినట్లు అవతలి యంత్రము కబురు పంపిన తరువాతనే ఇవతలి యంత్రము తరువాతి ముక్కను పంపును. బావిలోనికి కేక వేసి ప్రతిధ్వని వచ్చువరకు కాలము కొలిచినట్లు, స్టోల్ ఆ కబురు వచ్చు వ్యవధిని కొలిచినాడు. సుమారు మూడు సెకన్లు తేలినది. కాంతివేగముతో మూడు సెకన్లలో చంద్రుని వద్దకు పోయి తిరిగి రావచ్చును! దొంగ చంద్రలోకములో లేడు గనుక, ఆలస్యములో అధికభాగము దారిలోని కంప్యూటర్లలో నిలిచి నిలిచి వచ్చుటచేత కలిగినదని స్పష్టము. అందుచేత తెలిసిన దూరములలోని యంత్రములకు అదే విధముగా కబుర్లు పంపి, వాటి ఆలస్యముతో పోల్చి చూచినాడు. ఇంచుమించు 6,000 మైళ్లని జవాబు వచ్చినది. బర్క్‌లీకి జర్మనీలోని హానోవరు నగరమునకు నడుమ దూరము 5,500 మైళ్ల ప్రాంతము. మోటు కొలతయే గాని, దొంగ అమెరికాలో లేడని చెప్పుటకు అది చాలును.

టెలిఫోను తీగల వెంట పోయిన అన్వేషణ దీనికి వేరుగా సాగినది. అది మొదట వర్జీనియా రాష్ట్రములోని మైటర్ అను రక్షణ పరిశోధన సంస్థకు దారితీసినది. దొంగ ఆ సంస్థ కంప్యూటరులో దూరి, అక్కడి టెలిఫోనులద్వారా దేశమంతట పిలుపులు చేయుచుండెను, బిల్లు సంస్థది! ఆ బిల్లులు తెప్పించి చూడగా, అతడు ఇతర చోట్లకు చేసిన ప్రయత్నములును నెలల తరబడి వెనుకకు కనబడినవి. ఎవరును చదువని మరొక చిట్టా అది. ఆ ద్వారము మూసిన తరువాత దొంగ వేరు మార్గమున వచ్చినాడు. ఆ జాడ అట్లాంటిక్ దాటి పశ్చిమ జర్మనీలోని బ్రెమెన్ విశ్వవిద్యాలయమునకు, అటుపైని హానోవరునకు చేరినది.

తలుపు మూయుటయా, తెరచి ఉంచుటయా

సంకేతపదములు మార్చి, ఈమాక్స్‌లోని రంధ్రమును పూడ్చినచో పరిశోధనశాలకు బాధ తీరును. కాని దొంగ అక్కడ ఏమియు వెదకుట లేదు. ఆ యంత్రమును మెట్టుగా చేసికొని సైనిక కంప్యూటర్లను తట్టుచున్నాడు. అణ్వస్త్రములు, అంతరిక్ష రక్షణ పథకము, ఇట్టి మాటలకై దస్త్రములు గాలించుచున్నాడు. తలుపు మూసినచో వాడు వేరొక ఇంటినుండి అదే పని చేయును, చూచువారు ఉండరు. తెరచి ఉంచినచో పొరుగువారి నష్టమునకు తాము తోడ్పడినట్లగును. అప్పటికి ఈ విషయమున చట్టముగాని ఆనవాయితీగాని స్పష్టముగా లేదు. సమాఖ్య పోలీసులకు చెప్పగా, 75 సెంట్ల నష్టమునకు వారు కదలలేదు.

స్టోల్ తలుపు తెరచియే ఉంచినాడు. అపాయకరమైన సమాచారము పోవుచున్నట్లు తోచినప్పుడు తన తాళపుచెవులను తీగకు తగిలించి గలగలలాడించెడివాడు. దొంగకు అది తీగమీది చప్పుడుగా తోచెడిది. చొరబాటు జరిగిన చోట్ల అధికారులకు టెలిఫోను చేసి హెచ్చరించెడివాడు. పలుచోట్ల ఆ టెలిఫోను వచ్చువరకు వారికేమియు తెలియదు. దొంగ తట్టిన కంప్యూటర్లు సుమారు 450 అనియు, తెరచుకొన్నవి 30కి పైన అనియు ఆయన తరువాత లెక్క తేల్చినాడు. ఇందులో అసామాన్యమైన ప్రతిభ తక్కువ, ఓర్పు ఎక్కువ. యంత్రము అమ్మినవారు పెట్టియిచ్చిన సంకేతపదములను చాలమంది మార్చలేదు. మరికొందరు నిఘంటువులోని మాటలనే వాడినారు. అట్టివాటిని తెలిసికొనుటకు దొంగ చేసిన పని, నిఘంటువులోని ప్రతి మాటను యంత్రముచేత గుప్తలిపిలోనికి మార్పించి, కాజేసిన జాబితాతో సరిపోల్చుటయే.

హానోవరు టెలిఫోను కేంద్రము పాతకాలపుది. పిలుపు ఎక్కడనుండి వచ్చినదో తెలియుటకు ఉద్యోగి స్వయముగా పోయి మీటల వరుసలు వెదకవలెను. అందుకు చాల సమయము పట్టును. దొంగ అంతసేపు ఉండడు. న్యాయశాస్త్ర విద్యార్థినియైన మార్తా, తరువాతి కాలములో స్టోల్ భార్య, ఒక ఉపాయము చెప్పినది. దొంగకు ఇష్టమైన సరుకును మనమే తయారుచేసి పెట్టుదము, చదువుచు కూర్చుండును అన్నది. పరిశోధనశాలకు అంతరిక్ష రక్షణ పథకములో ఏదో పెద్ద పని వచ్చినట్లు దొంగ ఉత్తరములు, ఉత్తర్వులు, జాబితాలు రాశిగా సృష్టించినారు. లేని కార్యదర్శిని పేర ఒక చిరునామా కూడ ఇచ్చినారు. 1987 జనవరిలో దొంగ ఆ ఎరను చూచి గంటకు పైగా కదలలేదు. జర్మనీలో జాడ పూర్తిగా దొరికినది.

ఏప్రిలు నెలలో ఎవరును ఊహింపని సంఘటన జరిగినది. ఆ లేని కార్యదర్శినికి పిట్స్‌బర్గ్ నగరమునుండి తపాలాలో ఉత్తరము వచ్చినది. ఆ పథకపు కాగితములు కొన్ని పంపుమని కోరుచు. ఆ దస్త్రములను చదువగలవారు ఇద్దరే: స్టోల్, సర్వాధికారము దొంగిలించినవాడు. కనుక చదివినవాడు ఆ సంగతిని ఇంకెవరికో అందజేసినాడనుట నిశ్చయము. ఇది కుర్రవాని చిలిపిచేష్ట కాదు, గూఢచర్యమని అప్పుడు తేలినది.

1987 జూనులో జర్మను పోలీసులు హానోవరులోని మార్కుస్ హెస్ అను ప్రోగ్రామరు ఇంటిని సోదా చేసినారు. 1989 మార్చిలో అతడును సహచరులును బంధింపబడినారు. దొంగిలించిన సమాచారము సోవియట్ గూఢచారి సంస్థకు అమ్మబడినట్లు బయటపడినది. 1990లో న్యాయస్థానము గూఢచర్యము రుజువైనదని చెప్పి, శిక్షలను అమలుపరుపక నిలిపి ఉంచినది. బర్క్‌లీలో ముద్రింపబడిన కాగితములు, రోజువారీ పుస్తకము, వీటితోనే స్టోల్ అక్కడ సాక్ష్యమిచ్చినాడు.

తరువాతి కథ

స్టోల్ చేతితో చేసిన పనిని యంత్రముచేత చేయించుటకు సిద్ధాంతము అదే కాలములో వెలువడినది. 1987 ఫిబ్రవరిలో డొరొతీ డెన్నింగ్ ప్రకటించిన వ్యాసములో, ప్రతి వినియోగదారునికి ఒక అలవాటుల పట్టిక తయారుచేసి, దానినుండి తప్పిన నడవడిని యంత్రమే గుర్తించు పద్ధతి వివరింపబడినది. పగలు మాత్రమే పనిచేయు ఉపాధ్యాయుని పేర అర్ధరాత్రి ఎవరో వంద దస్త్రములు తెరచినచో గంట మ్రోగవలెను. నేడు బ్యాంకులును మెయిలు సంస్థలును పంపు హెచ్చరికలు ఈ ఆలోచనకు సంతానమే. 1988 నవంబరులో ఒక విద్యార్థి వదలిన ‘పురుగు’ ప్రోగ్రాము వేలాది యంత్రములను స్తంభింపజేయగా, అమెరికాలో కంప్యూటరు అత్యవసర సహాయ కేంద్రము ఏర్పడినది. విచిత్రమేమనగా, ఆ విద్యార్థి తండ్రి జాతీయ కంప్యూటరు భద్రతా కేంద్రములో ప్రధాన శాస్త్రజ్ఞుడు. అంతకు పూర్వము స్టోల్ తన వేటను గూర్చి వివరించిన పెద్దలలో ఒకడు. భారతదేశములో ఇట్టి కేంద్రము సర్ట్-ఇన్ అను పేరుతో 2004లో ప్రారంభమైనది.

ఇప్పటి యంత్రములలోను చిట్టాలున్నవి. లినక్స్ యంత్రములో ‘లాస్ట్’ అను ఆజ్ఞ ఇచ్చినచో ఎవరు ఎప్పుడు ప్రవేశించినదీ వరుసగా చూపును. విండోస్‌లో ఈవెంట్ వ్యూయరు అను చోట భద్రతా చిట్టాలో 4624 సంఖ్యతో సఫల ప్రవేశములు, 4625 సంఖ్యతో విఫల ప్రయత్నములు నమోదగును. మెయిలు ఖాతాలో ఏయే పరికరములనుండి ప్రవేశించినదీ ఒక జాబితా దొరకును. కాని బర్క్‌లీ దొంగవలె జాడ చెరుపువాడు నేడును ఉన్నాడు; యంత్రపు మూలములోనే దాగి, అడిగినప్పుడు అబద్ధపు జాబితా చూపు ప్రోగ్రాములున్నవి. దొంగ చేతిలోనున్న యంత్రమును దొంగను గూర్చి అడిగి లాభము లేదు. అటువంటి అనుమానము కలిగినప్పుడు, నమ్మదగిన వేరు డిస్కునుండి యంత్రమును ప్రారంభించి లోపలి దస్త్రములను చూతురు. లేదా ఇంటి ఇంటర్నెట్టు రౌటరులో నమోదైన రాకపోకలను చూతురు.

ఉన్నత పాఠశాలలోని కంప్యూటరు గదిలో ఖర్చు లేకుండ చేయదగిన ప్రయోగమొకటి కలదు. ఏ యంత్రమువద్ద ఏ విద్యార్థి ఎన్ని గంటలకు కూర్చున్నాడో, ఎప్పుడు లేచినాడో ఒక నోటుపుస్తకములో సిరాతో వ్రాయించవలెను. వారాంతమున దానిని యంత్రములోని చిట్టాతో వరుస వరుసగా సరిచూడవలెను. మొదటి వారము కనబడు తేడాలలో ఎక్కువ భాగము గడియారములు కలవకపోవుటవలననో, వ్రాయుట మరచుటవలననో వచ్చినవై యుండును. వాటిని ఒక్కొక్కటిగా వివరించి కొట్టివేయగా మిగిలినదానిని విద్యార్థులచేతనే వెదకింపవచ్చును.